వెనక గేటు ఆదాయం: గడ్డుకాలంలో కార్ల షోరూం ఎలా నిలబడుతుంది

(భీమవరంలో కామర్స్ విద్యార్థులు, స్థానిక వ్యాపారుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడినవారు గోదావరి జిల్లాల్లో కార్ల షోరూముల లెక్కలు చూసి రిటైరైన అకౌంటెంటు.)

అందరికీ నమస్కారమండి. పెద్దవాళ్ళున్నారు, పిల్లలున్నారు, వెనకాల ఇద్దరు ముగ్గురు షోరూం వాళ్ళు కూడా కనబడుతున్నారు. వాళ్ళకి నా మాటలు కొన్ని నచ్చకపోవచ్చు. ముందే చెప్పేస్తున్నా. (నవ్వులు)

నేరుగా లెక్కలోకి వెళ్ళిపోదాం. ఎక్స్-షోరూం ధర, అంటే రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలపని ధర, 10 లక్షలున్న కారు ఒకటి తీసుకోండి. అందులో డీలరుకి వచ్చే మార్జిన్ ఎంతని బయట ఎవర్నడిగినా లక్ష, లక్షన్నర అంటారు. అంత ఉండదండి. మామూలుగా కొన్ని కంపెనీలు నూటికి మూడు ఇస్తాయి, కొన్ని ఐదు, మోడల్ని బట్టి ఇంకాస్త అటూ ఇటూ. మనం నాలుగు వేసుకుందాం. అంటే 40 వేలు. కొనడానికొచ్చిన ఆయన ఊరికే కొంటాడా? "తణుకులో ఇంతకిస్తామన్నారు, రాజమండ్రిలో ఇంకా తగ్గిస్తామన్నారు" అంటాడు. ఓ 15 వేలు అక్కడ పోయింది. మిగిలింది 25 వేలు.

ఇప్పుడు కంటికి కనబడని ఖర్చు ఒకటుంది. ఆ కారు డీలరు సొంత డబ్బుతో తెచ్చింది కాదు. కంపెనీ దగ్గర్నుంచి లారీ ఎక్కిన రోజే దాని డబ్బు బ్యాంకు కట్టేస్తుంది. డీలరు పేరు మీద అప్పు మొదలవుతుంది. ఏడాదికి తొమ్మిదిన్నర శాతం వడ్డీ అనుకుంటే, కారు యార్డులో నెల రోజులుంటే దగ్గర దగ్గర 7,800. రెండు నెలలుంటే 15,600. ఎనభై అయిదు రోజులుంటే 22 వేలు దాటిపోయింది. మిగిలిన 25 వేలలోంచి అది తీసేయండి. మూడు వేలు కూడా లేవు. దాంట్లోనే అమ్మిన కుర్రాడి ఇన్సెంటివ్, టెస్ట్ డ్రైవ్‌కి పోసిన పెట్రోలు, డెలివరీ రోజు పూలదండ, స్వీటు బాక్సూను.

ఎనభై అయిదు రోజులని నేను కల్పించి చెప్పడం లేదండి. 2024 సెప్టెంబరులో దేశం మొత్తం మీద డీలర్ల దగ్గర 80 నుంచి 85 రోజులకి సరిపడా స్టాకు ఉందని డీలర్ల సమాఖ్య ఫాడా చెప్పింది. సుమారు 7.9 లక్షల బళ్ళు, విలువ 79 వేల కోట్లు. ఆ సంఘమే 21 రోజుల స్టాకు చాలని ఎప్పట్నుంచో మొత్తుకుంటోంది. మరి అంత స్టాకు ఎలా పేరుకుంది? మన దేశంలో కార్ల కంపెనీలు నెలకోసారి ప్రకటించే "అమ్మకాలు" ఉన్నాయి చూశారూ, అవి మీ ఇంటికొచ్చిన కార్లు కావు. ఫ్యాక్టరీ నుంచి డీలరుకి పంపిన కార్లు. కంపెనీ లెక్కలో కారు అమ్ముడైపోయింది, డీలరు యార్డులో మాత్రం ఎండకి ఎండి వానకి తడుస్తోంది. అసలు ఎన్ని అమ్ముడయ్యాయో తెలియాలంటే రిజిస్ట్రేషన్లు చూడాలి. పేపర్లో పెద్దక్షరాలతో వచ్చే మొదటి లెక్క చూసి మందగమనం ఉందో లేదో తేల్చకండి.

అందుకని నా అనుభవంలో, గడ్డుకాలం వచ్చినప్పుడు తెలివైన యజమాని చేసే మొదటి పని ఎక్కువ అమ్మాలని పరిగెత్తడం కాదు, తక్కువ దించుకోవడం. చెప్పినంత సులువు కాదది. కంపెనీ ఏరియా మేనేజరు నెలాఖరున ఫోను మీద ఫోను చేస్తాడు. "మరో పాతిక తీసుకోండి, వచ్చే నెల చూసుకుందాం" అంటాడు. కాదంటే, రేపు బాగా కదిలే మోడల్ వచ్చినప్పుడు మన పేరు జాబితాలో కింద ఉంటుంది. ఈ మొహమాటంలో పడి మునిగిపోయినవాళ్ళున్నారు.

2019 గుర్తుందా మీకు? ఇక్కడున్న పిల్లలకి గుర్తుండదులెండి. 2018 సెప్టెంబరులో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే పెద్ద ఫైనాన్స్ సంస్థ కూలడంతో ఫైనాన్స్ కంపెనీల దగ్గర డబ్బు బిగుసుకుపోయింది. అదే నెల నుంచి కొత్త కారుకి మూడేళ్ళ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒకేసారి కట్టాలన్న నిబంధన వచ్చి ఆన్‌రోడ్ ధర పెరిగింది. దానికి తోడు 2020 మార్చి 31 తర్వాత బీఎస్-4 బళ్ళు, అంటే పాత కాలుష్య ప్రమాణాలతో తయారైనవి, అమ్మకూడదన్న సుప్రీంకోర్టు తీర్పు ఒకటి నెత్తిమీద ఉంది. కొనేవాడు ఆగిపోయాడు. 2019 ఏప్రిల్‌తో ముగిసిన ఏడాదిన్నరలో 286 షోరూములు మూతపడ్డాయని, ఆ వేసవిలో మూడు నెలల్లోనే డీలర్ల దగ్గర దాదాపు రెండు లక్షల ఉద్యోగాలు పోయాయని ఫాడా చెప్పింది. ముందుగా పోయినవాళ్ళెవరనుకున్నారు? టై కట్టుకుని మీకు కూల్‌డ్రింక్ ఇచ్చి కారు చూపించే కుర్రాళ్ళు. మెకానిక్కుల మీద మాత్రం అంత తొందరగా ఎవరూ చెయ్యి వెయ్యరు. ఎందుకో చెబుతాను.

షోరూముకి రెండు గేట్లుంటాయి. ముందు గేటు అద్దాలు, ఏసీ, కొత్త కార్లు. వెనక గేటు వర్క్‌షాప్. నేను లెక్కలు రాసినన్నాళ్ళూ ముందు గేటు పుస్తకం ఓ నెల నలుపు, ఓ నెల ఎరుపు, అంటే ఓ నెల లాభం, ఓ నెల నష్టం. వెనక గేటు పుస్తకం ఎరుపులోకి వెళ్ళడం అరుదు. మంచి యజమాని అద్దె, జీతాలు, కరెంటు, స్టాకు మీద వడ్డీ అన్నీ కలిపి నెల ఖర్చు ఎంతో చూసుకుంటాడు. 50 లక్షలనుకోండి. సర్వీసు, స్పేర్స్, డెంటింగ్, పెయింటింగ్ మీద మిగిలింది 35 లక్షలనుకోండి. అంటే ఒక్క కొత్త కారు అమ్మకపోయినా నూటికి డెబ్భై వంతుల ఖర్చు వెనక గేటే మోస్తోంది. ఈ డెబ్భైని ఎనభై అయిదుకి, తొంభైకి తీసుకెళ్ళగలిగినవాడు రెండేళ్ళ మందగమనాన్నయినా దాటేస్తాడు. అది నలభైలో ఉన్నవాడు ఒక్క ఆషాఢానికే వణికిపోతాడు.

ఇందులో ఒక చిత్రం ఉందండి. గడ్డుకాలంలో కొత్త కారు కొనడం మానేసినాయన పాత కారుని పారేయడు కదా. మరో మూడేళ్ళు నడుపుతాడు. క్లచ్ ప్లేట్లు, సస్పెన్షన్ బుష్‌లు, బ్యాటరీ, టైర్లు, ఏసీ కంప్రెసరు... వరసగా వస్తాయి. ఉచిత సర్వీసులు అయిపోయాక వచ్చే కారే వర్క్‌షాపుకి బంగారం. స్పేర్స్ మీద కొంత మిగులుతుంది, లేబర్ మీద ఎక్కువ మిగులుతుంది. అన్నిటికంటే పెయింటింగ్. ఒక్కో ప్యానెల్‌కి ఇంతని రేటు. గీతలు, సొట్టల పనిలో చాలాభాగం డబ్బు ఇన్సూరెన్స్ కంపెనీయే ఇస్తుంది కనుక బేరమాడే మనిషి ఎదురుగా ఉండడు. షోరూం ఇన్సూరెన్స్ అంటగట్టడానికి అంత తాపత్రయపడేది కమిషన్ కోసమొక్కటే అని మీరనుకుంటారు. కమిషన్ ఉంటుంది, నిజమే. కానీ అసలు లాభం, దెబ్బ తగిలినప్పుడు ఆ కారు తిరిగి తన వెనక గేటుకే రావడంలో ఉంది.

ఇక మన ప్రాంతం సంగతి. దేశంలో మందగమనం ఒకటి, మన డెల్టాలో మందగమనం మరొకటి. ముంబైలో రిజర్వు బ్యాంకు వడ్డీ రేట్లు తగ్గించినా, ఇక్కడ రొయ్య ధర పడిపోతే ఉండి, ఆకివీడు, కాళ్ళ వైపు నుంచి ఒక్క బుకింగూ రాదు. చెరువులో రొయ్యల పట్టుబడి బాగుంటే ఆ వారంలోనే కారు బుక్ చేస్తారు. రొయ్యకి తెల్లమచ్చ రోగం వచ్చి చెరువు పోతే బుక్ చేసింది కూడా రద్దు. వరి రైతుల దగ్గర దాళ్వా, అంటే రబీ పంట, ధాన్యం డబ్బులు ఖాతాలో పడే రోజుని బట్టి కదలిక ఉంటుంది. అంబాజీపేట వైపు కొబ్బరి ధర, కడియం వైపు నర్సరీ ఆర్డర్లు. 2011లో కోనసీమ రైతులు పంటవిరామం ప్రకటించిన ఏడాది అమలాపురం మార్కెట్టు ఎలా ఉండి ఉంటుందో ఏ జాతీయ నివేదికలోనూ దొరకదు. ఇవి కాక ఆషాఢం, మూఢం. మూఢం రెండు నెలలు సాగిందంటే బుకింగులుంటాయి గానీ డెలివరీలుండవు. బుకింగుకి అయిదు వేలు, పది వేలు ఇస్తారు. డెలివరీ అయితే గానీ మిగతా డబ్బు రాదు, వడ్డీ మాత్రం మూఢం చూడదు. (నవ్వులు)

2025 ఆగస్టు చూడండి. రెండు దెబ్బలు ఒకేసారి పడ్డాయి. ఆగస్టు 15న జీఎస్‌టీ తగ్గుతుందని ప్రధాని చెప్పారు. ఆ మాటతో దేశమంతా కొనేవాళ్ళు ఆగిపోయారు, ఎవరైనా ఆగుతారు. చిన్న కార్ల మీద 28 శాతం, ఆపైన సెస్సు అనే అదనపు పన్ను పోయి 18 శాతమే ఉంటుందంటే నెల రోజులు ఆగలేరా? కొత్త రేటు అమల్లోకొచ్చింది సెప్టెంబరు 22న. ఈలోగా ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి వెళ్ళింది. మన రొయ్యకి అతిపెద్ద కొనుగోలుదారు అమెరికాయే. చెరువు గట్టు మీద ధర పడింది. వినాయక చవితి పండగ ముందు యార్డు నిండా బళ్ళు, కొనేవాడు లేడు.

అక్కడితో అయిపోలేదు. డీలరు కంపెనీ దగ్గర కారు తీసుకున్నప్పుడే సెస్సు కట్టేశాడు. అది అతని ఖాతాలో క్రెడిట్‌గా ఉంది, కారు అమ్మినప్పుడు కట్టాల్సిన సెస్సులో సర్దుకోవాలి. సెప్టెంబరు 22 తర్వాత అమ్మిన కారు మీద సెస్సే లేదు. ఇక దేంట్లో సర్దుతాడు? ఇలా ఇరుక్కున్న మొత్తం దేశవ్యాప్తంగా దాదాపు 2,500 కోట్లని ఫాడా లెక్క కట్టింది. కామర్స్ పిల్లలూ, ఇన్‌పుట్ క్రెడిట్ పాఠం పరీక్ష కోసం చదువుతారు కదా, ఒక్క తేదీ మారితే అది ఎలా ఆవిరవుతుందో చూడండి. ఆ ఆగస్టులో స్టాకు తక్కువ పెట్టుకున్నవాడికి నష్టం తక్కువ. దసరాకి గిరాకీ విరుచుకుపడింది, నిజమే. అప్పటిదాకా ఊపిరి నిలుపుకున్నవాడికే ఆ దసరా.

మళ్ళీ మన లెక్కకి వద్దాం. ముందు గేటులో ఒక్కో కారు మీద మిగిలేది అంత తక్కువైతే ఇంకేం అమ్ముతారు? లోన్ ఇప్పిస్తే బ్యాంకు నుంచి, ఫైనాన్స్ కంపెనీ నుంచి కొంత వస్తుంది. మ్యాట్లు, సీటు కవర్లు, కెమెరా, స్పీకర్లు, వీటిలో కారు మీదకంటే ఎన్నో రెట్లు శాతం మిగులుతుంది. ఎక్స్‌టెండెడ్ వారంటీ. కోటింగులు. ఇందులో ఏది న్యాయం, ఏది కాదు అని నన్నడిగితే నా అభిప్రాయం చెబుతాను. మన అంతర్వేది, నరసాపురం, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి కారు కింది భాగం తుప్పు పడుతుంది. ఆ ఊళ్ళవాళ్ళకి అండర్‌బాడీ కోటింగ్ అమ్మితే అది సేవే. అదే కోటింగు తాడేపల్లిగూడెంలో అపార్ట్‌మెంటు సెల్లార్లో ఉండే కారుకి పన్నెండు వేలకి అమ్మితే దానికి వేరే పేరుంది, నేను చెప్పను.

అలాగే ఇంజిన్ ప్రొటెక్షన్ అనే ఇన్సూరెన్స్ అదనపు కవరు. మామూలు పాలసీ ఉంటే చాలనుకుంటారు. 2022 జులై వరద గుర్తుందిగా, లంక గ్రామాలు ఎలా మునిగాయో. నీళ్ళల్లో నిలబడిన కారుని, నీళ్ళు తీశాక తాళం తిప్పి స్టార్ట్ చేస్తారు మనవాళ్ళు. సిలిండర్లో నీళ్ళుంటే పిస్టన్ దాన్ని నొక్కలేదు. కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఇంజిన్ పోతుంది. అది వరద వల్ల జరిగిన నష్టం కాదు, మీరు స్టార్ట్ చేయడం వల్ల జరిగిందని మామూలు పాలసీలో క్లెయిము తిప్పికొడతారు. ఏటిగట్టు పక్కన ఉండేవాళ్ళు ఆ కవరు తీసుకోవలసిందే. దాని మీద షోరూముకి కమిషన్ వచ్చినా సరే. కారు మునిగితే మాత్రం తాళం ముట్టుకోవద్దు, టోయింగ్ బండి పిలవండి.

హ్యాండ్లింగ్ చార్జీలని ఇంకోటి. కొన్నిచోట్ల బిల్లులో వేసేస్తారు. దేనికని గట్టిగా అడిగితే తీసేస్తారు. అడిగితే తీసేసే చార్జీ ఏ రకం చార్జీయో మీరే ఆలోచించండి. గడ్డుకాలంలో ఇలాంటి చిల్లర ఎక్కువవుతుంది. యజమాని చెప్పకపోయినా, టార్గెట్టు మెడ మీదున్న కుర్రాడు వేస్తాడు.

పాత కార్ల వ్యాపారం గురించి రెండు ముక్కలు. చేతిలో డబ్బు తగ్గినప్పుడు కొత్తది కొనాలనుకున్నవాడు నాలుగేళ్ళ పాతదానికి దిగుతాడు. మారుతి 2001లోనే పాత కార్లకి వేరే షోరూము పెట్టింది. ఇప్పుడు దేశంలో కొత్త కార్లకంటే పాత కార్లే ఎక్కువ చేతులు మారుతున్నాయి. డీలరుకి ఇందులో మంచి ఏంటంటే, ధర ఎంతని ఫ్యాక్టరీ నిర్ణయించదు. ఎక్స్ఛేంజికొచ్చిన బండిని తన వర్క్‌షాపులోనే బాగు చేయించి, తన గ్యారంటీతో అమ్ముకుంటాడు. 2025 జనవరి నుంచి వీటి మీద 18 శాతం జీఎస్‌టీ అనగానే అందరూ భయపడ్డారు, కానీ అది కారు ధర మీద కాదు, రిజిస్టరైన వ్యాపారికి మిగిలిన మార్జిన్ మీదే. మీరు మీ కారుని మీ బావమరిదికి అమ్ముకుంటే ఏమీ లేదు. అయితే పాత కారు కూడా యార్డులో కూర్చుంటే వడ్డీయే. పైగా రోజురోజుకీ ధర పడిపోతుంది. ఎక్స్ఛేంజి బోనస్ ఆశపెట్టి ఎక్కువ ధరకి తీసుకుని తర్వాత లబలబలాడినవాళ్ళు ఈ జిల్లాలోనే ఉన్నారు.

గడ్డుకాలమంటే గిరాకీ లేకపోవడమొక్కటే కాదని కూడా చెప్పాలి. 2020 ఏప్రిల్లో లాక్‌డౌన్‌లో మారుతి దేశీయంగా ఒక్క కారు కూడా అమ్మలేదు, సున్నా. అది గిరాకీ లేని కష్టం. 2021లో కార్లలో వాడే ఎలక్ట్రానిక్ చిప్స్ కొరత వచ్చింది, కార్లే లేవు. అమ్మకాలు తక్కువ, కానీ అమెరికాలో డీలర్లు ఆ కాలంలో ముందెప్పుడూ చూడనంత లాభాలు చూశారు. అక్కడ కంపెనీ రాసిన ధర మీద ఇంకా ఎక్కువ తీసుకున్నారు. మన దగ్గర ఎక్కువ తీసుకోలేదు గానీ డిస్కౌంటు అన్న మాట మాయమైపోయింది. యార్డు ఖాళీ, వడ్డీ లేదు. కారు రాకముందే కొనేవాడు సిద్ధం. నేను ముందు చెప్పిన 40 వేలు మొత్తం చేతికొచ్చిన రోజులవి.

కంపెనీయే వెళ్ళిపోతే? జనరల్ మోటార్స్ 2017లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది, 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అమెరికాలో డీలర్లని కాపాడే చట్టాలు రాష్ట్రాల్లో ఉన్నాయి, అయినా 2009లో క్రైస్లర్ దివాలా కోర్టు ద్వారా 789 మంది డీలర్లని తీసేసింది. మన దగ్గర ఆ చట్టమే లేదు. కోట్లు పెట్టి కట్టిన అద్దాల భవనం మీద బోర్డు మార్చుకోవాలంతే. అలాంటప్పుడు కూడా కొంతమంది వర్క్‌షాపు నడుపుకుంటూ నిలబడ్డారు. కార్లు రోడ్ల మీద ఉన్నాయి కదా, బాగుచేయాలి కదా.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, మార్జిన్ పోయి నష్టానికి కూడా కార్లు అమ్ముతారంటారు. ఎందుకమ్ముతారు?)

మంచి ప్రశ్నమ్మా. స్లాబుల వల్ల. కంపెనీ నెలకో, మూడు నెలలకో టార్గెట్టు పెడుతుంది. వంద కార్లు అమ్మితే ప్రతి కారు మీదా ఇంత అదనంగా ఇస్తానంటుంది. 31వ తారీకు సాయంత్రానికి 97 అయ్యాయనుకో. ఆఖరి మూడు కార్ల మీద ఒక్కోదానికి 30 వేలు నష్టపోయినా, వంద కార్ల మీద కారుకి అయిదు వేలు చొప్పున అయిదు లక్షలొస్తాయి. 90 వేలు పోగొట్టి అయిదు లక్షలు తెచ్చుకోవడం నష్టం కాదుగా. నెలాఖర్లో, డిసెంబర్లో కొంటే చవకనేది దీనివల్లే. డిసెంబర్లో ఇంకో కారణం ఉంది, జనవరి వస్తే ఆ కారు పోయినేడాది తయారీ అయిపోతుంది. పదేళ్ళు వాడుకునేవాళ్ళకి దానివల్ల పెద్ద తేడా ఉండదు. మూడేళ్ళకి మార్చేవాళ్ళకి అమ్మేటప్పుడు కనబడుతుంది.

(ఒక వ్యాపారి: ఏమండీ, ఎలక్ట్రిక్ కార్లొస్తే మీరు చెప్పిన వెనక గేటు పరిస్థితేంటండి?)

అదే అసలు ప్రశ్నండి. ఇంజిన్ ఆయిలు లేదు, ఆయిల్ ఫిల్టరు లేదు, క్లచ్ లేదు, టైమింగ్ బెల్టు లేదు. బ్రేకులు కూడా నెమ్మదిగా అరుగుతాయి, మోటారే బండిని కొంత ఆపుతుంది కనుక. మామూలు సర్వీసు బిల్లు బాగా తగ్గిపోతుంది. టైర్లు మాత్రం తొందరగా పోతాయి, బండి బరువెక్కువ. సస్పెన్షన్ ఉంటుంది. మన కాలవగట్ల రోడ్లున్నంతకాలం దాని పని దానికి ఉంటుంది. ఏసీ ఉంటుంది. సొట్టలు, గీతలు ఏ కారుకైనా ఒకటే. అందుకని ఇప్పుడు కొత్తగా వర్క్‌షాపు కట్టేవాళ్ళెవరైనా నన్నడిగితే, ఆయిల్ మార్చడానికి బండి నిలిపే బేలు రెండు తగ్గించి ఆ డబ్బు పెయింట్ బూత్ మీద పెట్టమంటాను. హై వోల్టేజి పని నేర్చిన కుర్రాళ్ళు ఇద్దర్ని ఇప్పట్నుంచే తయారు చేసుకోమంటాను. వాళ్ళు దొరకడం లేదండి మన జిల్లాల్లో. ఐటీఐ చదివే పిల్లలు ఎవరైనా ఉంటే ఇటు చూడండి.

వెనకాల ఎవరో చెయ్యెత్తారు, మైకు అటివ్వండి.